ఆకాశంలో మూడో వంతు తిప్పిన మనిషి

మా మేడలో రెండో అంతస్తులో ఉండే మనిషి ఒకడు ఒక మధ్యాహ్నం భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళి, ఆకాశాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పేశాడు. నేను కళ్ళారా చూశాను. మేఘాలు కూడా కొంచెం సర్దుకుని నిలబడ్డాయి.

సరే, మేఘాల మాట వెనక్కి తీసుకుంటాను. కళ్ళారా చూశానన్న మాట, ఆకాశం మొత్తం అన్న మాట కూడా. అతను తిప్పింది మూడో వంతే. అబద్ధం చెబితే నాలుక మీద నల్ల మచ్చ పడుతుందని కాన్వెంటులో సిస్టర్ మమ్మల్ని భయపెట్టేది. ఇంత వయసొచ్చాక కూడా రోజూ పళ్ళు తోముకున్నాక అద్దంలో చూసుకుంటున్నాను. మచ్చ లేదు. కాబట్టి మిగిలినదంతా మీరు నిశ్చింతగా నమ్మవచ్చు.

అతన్ని అందరూ నిచ్చెన అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మనిషి పొడుగ్గా, సన్నగా, పక్కటెముకలు మెట్లలా కనిపిస్తూ ఉంటాడు. చేసే పని కూడా ఎక్కడమే. సెల్‌ఫోన్ టవర్లు ఎక్కుతాడు. నడుముకు బెల్టు కట్టుకుని, సంచీలో పానాలు వేసుకుని, కింద నుంచి చూస్తే మనకు మెడ పట్టేసేంత ఎత్తున నిలబడి బోల్టులు బిగిస్తాడు. కిందికి దిగాక మాత్రం పిల్లి. ఎవరితోనూ గొంతు పెంచడు. అత్తగారితో అయితే అసలు గొంతే ఉండదు.

ఆవిడ చిన్న కూతురి ఇంట్లో, అల్లుడి దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నిచ్చెన ఏ కంపెనీ టవర్లు ఎక్కుతాడో, ఆ కంపెనీ సిగ్నల్ అతని ఇంట్లోకే రాదు. వాళ్ళ వాటా మేడకు చాటు వైపున ఉంది. వంటింట్లో ఫోన్ మీద ఒక గీత కనపడుతుంది, పడగ్గదిలో అదీ లేదు. స్నానాల గది కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఎక్కి, చెయ్యి బయటికి చాపితే రెండు గీతలు. పెద్ద కూతురితో వీడియోలో మాట్లాడాలంటే అత్తగారికి ఆ స్టూలే గతి. పెద్ద కూతురికి తల్లి మొహం కన్నా వెనక ఆరేసిన తువ్వాళ్ళే ఎక్కువ పరిచయం.

"మా అల్లుడు ఊరందరికీ సిగ్నల్ ఇచ్చాడు. నాకు స్టూలు ఇచ్చాడు," అని ఆవిడ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో చెప్పేది. నిచ్చెన ఆ పక్క నుంచే పనికి వెళ్ళేవాడు. వినపడనట్టు నటించడం అతనికి బాగా వచ్చు. చెవులు ఎర్రబడటం ఆపుకోవడమే రాదు.

ఒకరోజు సబ్బు నీళ్ళ మీద స్టూలు జారింది. ఆవిడ పడింది. ఫోన్ మాత్రం చెయ్యి వదల్లేదు. పడటం మొదలు నుంచి చివరి దాకా పెద్ద కూతురు వీడియోలో చూసి అవతల కేకలు పెట్టిందట. చీలమండ బెణికి ఇంత లావున వాచింది. సాయంత్రం నిచ్చెన వచ్చి కాలికి కట్టు కడుతుంటే ఆవిడ ఒక్క మాట అనలేదు. నొప్పికి కళ్ళు మూసుకుని పడుకుంది.

"తిట్టి ఉంటే బాగుండేది తాతగారూ," అన్నాడు నిచ్చెన నాతో తర్వాతెప్పుడో.

ఆ వారంలోనే కంపెనీ మా ప్రాంతానికి కొత్త యాంటెనాలు పంపింది. పాతవి దించి ఇవి పెడితే డేటా పరుగెడుతుందని కూడలిలో పెద్ద బోర్డు కట్టారు. టవరు పాత సినిమా హాలు మిద్దె మీద ఉంది. యాంటెనా అంటే ఏమీ లేదు, సన్నటి తలుపు చెక్క లాంటి తెల్ల డబ్బా. మూడు వైపులకు మూడు ఉంటాయి. ఒక్కొక్కటి ఆకాశంలో మూడో వంతును చూసుకుంటుంది. టార్చిలైటు అనుకోండి. ముందు వెలుగు, వీపు వైపు చీకటి. ఒకటి బజారు వైపు చూడాలి, ఒకటి బస్సుల డిపో వైపు. మూడోది గోడౌన్ల వెనక దిగుడులో ఉన్న పల్లం వీధి వైపు.

బిగించిన తర్వాత దాని పక్కన దిక్సూచి పట్టుకుని, యాంటెనా ఏ వైపు చూస్తోందో తెలిసేలా ఫోటో తీసి ఆఫీసుకు పంపాలి. వాళ్ళు ఫోటో చూసి సరే అంటారు. నిజంగా అలాగే ఉందా అని పైకెక్కి చూసేవాళ్ళు ఉండరు. నిచ్చెన మూడోదాన్ని పల్లం వీధి వైపే బిగించాడు. ఫోటో పంపాడు. సరే అని వచ్చింది. తోటి పనివాడు కింద వైర్లు చుడుతున్నాడు. అప్పుడు నిచ్చెన పానా మళ్ళీ బయటికి తీసి, బోల్టులు వదులు చేసి, ఆ తెల్ల డబ్బాను మా మేడ వైపు తిప్పి, బిగించి, దిగి వచ్చేశాడు.

"ఎంత తిప్పావోయ్?" అని సంగతి బయటపడ్డాక అడిగాను.

"జానెడు తాతగారూ. జానెడంటే జానెడే."

అక్కడ జానెడంటే ఇక్కడ నాలుగు వీధులు. ఆ సంగతి నాకన్నా అతనికే బాగా తెలుసు. అందుకే ఒక సాకు కూడా దగ్గర పెట్టుకున్నాడు. ఇనుముకు మరీ దగ్గరగా పట్టుకుంటే దిక్సూచి ముల్లు అటు లాగుతుందట. ఎంత పనితనం ఉన్నవాడికైనా అలాంటి పొరపాటు జరగవచ్చట. ఆ ముల్లును ఏ ఇనుమూ లాగలేదని తెలిసినవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడికే ఈ సాకు రోజూ చెప్పుకోవలసి వచ్చింది.

మా మేడలో మాత్రం పండగే. నిచ్చెన ఇల్లు చేరేసరికి అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని, కట్టు కట్టిన కాలు ఇంకో దిండు మీద పెట్టుకుని, పెద్ద కూతురి మొహాన్ని అద్దంలో చూసినట్టు చూస్తోంది. "ఇదిగో అల్లుడుగారు వచ్చారు," అంది ఫోన్‌లోకి. పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ "గారు" తగిలించడం అదే మొదలు. నిచ్చెన గుమ్మం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడట. కింది అంతస్తులో ఉండే లారీ డ్రైవరు స్పీడు కొలిచే యాప్ పెట్టి, ముల్లు చివరికంటా వెళ్ళడం అందరికీ చూపించాడు. నేను పాత కుస్తీ పోటీలు చూసుకున్నాను. ఇదివరకు ఒక పహిల్వాన్ రెండోవాణ్ణి పైకెత్తితే, సిగ్నల్ వచ్చేదాకా వాడు గాల్లోనే ఉండేవాడు. ఇప్పుడు వెంటనే కింద పడుతున్నాడు.

ఇంతవరకే అయితే ఇందులో రాయడానికేమీ లేదు. నా కుర్చీ వల్ల వచ్చింది ముప్పు.

నా వాలుకుర్చీ అల్లిక తెగి కుంగిపోయింది. పేము అల్లేవాళ్ళు మా చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు, పల్లం వీధిలో. కుర్చీలమ్మ అంటారు. సెలవు రోజు చూసి నిచ్చెనను పిలిచాను. "పొడుగాటివాడివి, కుర్చీ నీకు టోపీ లాంటిది, కాస్త నాతో మోసుకురా," అన్నాను. పల్లం వీధి అనగానే అతని అడుగు కొంచెం తడబడింది. నేను కుర్చీ బరువు అనుకున్నాను.

కుర్చీలమ్మ గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన బకెట్టులో పేము నానుతోంది. యాభై దాటిన మనిషి, గట్టి చేతులు. ఒళ్ళో ఎవరిదో కుర్చీ చట్రం. చేతులకు పని, కళ్ళకు మాత్రం మాటిమాటికీ గూట్లో పెట్టిన బొత్తాల ఫోన్ వైపు చూపు. నిచ్చెన చొక్కా మీద కంపెనీ బొమ్మ చూసి ఆవిడ మొహం వికసించింది.

"బాబూ, నువ్వు ఫోన్లవాడివా?"

"టవర్లవాణ్ణి పిన్నీ."

"అంతకన్నానా. ఇది ఒకసారి చూడు. చెడిపోయిందేమో అని అనుమానం. మోగి చాలా రోజులైంది."

సంగతేమిటంటే, ఆవిడకు ఒక అక్క ఉంది. వేరే ఊళ్ళో ఆవిడదీ ఇదే పని. ఇద్దరికీ నేర్పింది తండ్రే. పోయినసారి వచ్చినప్పుడు అక్క ఒక కుర్చీలో కూర్చుని చూసి, కుర్చీ తాలూకు మనుషుల ముందే, "నీ అల్లిక వదులే, ఇప్పటికీ," అంది. అంతే, మాటలు ఆగిపోయాయి. వాళ్ళింట్లో చిన్నప్పటి నుంచి ఒక పద్ధతి. ఎవరు మాట అంటారో వాళ్ళే ముందు పలకరించాలి. మాట పడ్డవాళ్ళు ఎదురు చూడాలి. తల్లి పెట్టిన పద్ధతి, ఒక్కసారి కూడా తప్పలేదట.

"ఎప్పుడూ వారం తిరగకుండా చేసేది," అంది కుర్చీలమ్మ. "ఈసారి చెయ్యలేదు. ఫోన్ పాడైందా, అక్క పాడైందా, అదొక్కటీ చూసి చెప్పు."

నిచ్చెన ఫోన్ తీసుకున్నాడు. తెరంతా గీసుకుపోయి ఆవిడ కళ్ళకు అందులో ఏమీ ఆనదు. అతనికి ఆనింది. సిగ్నల్ ఉండవలసిన చోట ఖాళీ. తలెత్తాడు. ఆ గుమ్మంలో నిలబడితే గోడౌన్ల కప్పుల మీదుగా సినిమా హాలు టవరు కొస కనపడుతుంది. మూడో తెల్ల డబ్బా వీపు కనపడుతుంది. అతిథి వచ్చినా మొహం తిప్పుకుని కూర్చున్న మనిషిలా ఉంది అది.

"ఫోన్ బాగానే ఉంది పిన్నీ," అన్నాడు.

అబద్ధం కాదు. ఫోన్ బాగానే ఉంది.

కుర్చీలమ్మ చేతిలో ఉన్న పేము కొసను లాగి, బిగించి, ఇంకా బిగించి, తెంపేసింది. "అయితే అక్కే," అని ఫోన్ తీసుకుని గూట్లో పెట్టేసింది. ఈసారి బోర్లా పెట్టింది.

తిరుగుదారిలో నిచ్చెన గోడౌను మెట్ల మీద కూలబడి మొత్తం కక్కేశాడు. స్టూలు, దిక్సూచి, జానెడు, అన్నీ.

"ఆవిడ అక్క చేస్తూనే ఉండి ఉంటుంది తాతగారూ. ఇక్కడ మోగదు. అక్కడ అందుబాటులో లేరని వస్తుంది."

"మరి ఆ మాట అక్కడే చెప్పకపోయావా?"

"చెప్తే ఎందుకు మోగడం లేదని అడుగుతుంది కదా."

"అడుగుతుంది."

"అదే మరి."

నేను సలహాలిచ్చే రకం కాదు. "ఫోన్ బాగుందన్నావు చూడు, అది మాత్రం నువ్వు పానా కూడా లేకుండా బిగించిన బోల్టు," అని ఊరుకున్నాను. ఊరుకుని ఉండకూడదేమో. ఆ పూట నుంచి అతని తిండి సగానికి తగ్గింది. టవర్లు ఎక్కేవాడికి అసలే ఒంటి మీద ఏమీ లేదు. ఇంట్లో అత్తగారు మంచం మీద పకపకా నవ్వుతూ మాట్లాడుతుంటే, ఆ నవ్వు వినలేక మెట్ల మీదకు వచ్చి కూర్చునేవాడు. ఎప్పుడూ ఆవిడ కూర్చునే మెట్టు మీదే.

"ఒంట్లో బాగాలేదా అల్లుడూ?" అని ఆవిడే లోపలి నుంచి అడిగేది. ఆ ప్రేమ ఇంకా పొడిచేది.

ముందు అడ్డదారులు తొక్కాడు. వేరే ఎవరో మాట్లాడినట్టు కంపెనీకి ఫోన్ చేసి, పల్లం వీధిలో సిగ్నల్ లేదని ఫిర్యాదు చేశాడు. "మీ ప్రాంతంలో నెట్‌వర్కును మెరుగుపరుస్తున్నాం, మీ ఓపికకు కృతజ్ఞతలు," అని రికార్డు చేసిన గొంతు వినపడింది. ఆ మెరుగుపరిచినవాడు తనే. తర్వాత నా కుర్చీ అయిందో లేదో చూసే వంకతో వెళ్ళి, "పిన్నీ, పద్ధతి ఎవరు చూడొచ్చారు, మీరే ఒకసారి కూడలి దాకా వచ్చి ఫోన్ చెయ్యరాదూ," అన్నాడు.

"మా అమ్మ చూస్తుంది," అంది ఆవిడ, గోడ మీద ఫోటో చూపించి.

ఇక ఉండబట్టలేక, బోల్టులు ఒకసారి చూసి వస్తానని ఆఫీసులో చెప్పి టవరెక్కాడు. మూడో యాంటెనాను మళ్ళీ పల్లం వీధి వైపు తిప్పాడు. ఈసారి ఫోటో తీసే ముందు దిక్సూచిని ఇనుముకు దూరంగా పట్టుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడట. దిగేటప్పుడు ఒంటి మీద బరువు దిగినట్టనిపించింది అన్నాడు. ఇక ఫోన్ మోగుతుంది, అక్కాచెల్లెళ్ళు కలుస్తారు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇంట్లో పెద్ద కూతురి మొహం మళ్ళీ ముక్కలుముక్కలై ఆగిపోయింది. అత్తగారి కాలు తగ్గింది. స్టూలు మళ్ళీ స్నానాల గదిలోకి చేరింది. "మూణ్ణాళ్ళ ముచ్చట," అంది ఆవిడ. "గారు" కూడా వచ్చిన దారినే పోయింది.

పల్లం వీధిలో ఫోన్ మోగలేదు.

నా కుర్చీ తెచ్చే రోజున మేమిద్దరం వెళ్ళాం. గూట్లో ఫోన్ ఇంకా బోర్లానే ఉంది. నిచ్చెన అడగకుండానే తీసి చూశాడు. సిగ్నల్ నిండుగా ఉంది. అంత సిగ్నల్ పెట్టుకుని అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అక్క చేసి చేసి విసిగి మానేసిందని అతనికి అర్థమైంది. ఇక ఆవిడ చెయ్యదు. పద్ధతి ప్రకారం తన వంతు చేసేసింది. ఈవిడా చెయ్యదు. పద్ధతి ప్రకారం ఈవిడకు ఫోన్ రానే లేదు. తెల్ల డబ్బాను ఎటు తిప్పినా ఇక లాభం లేదు. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి నోరు.

నిచ్చెన కుర్చీ నెత్తిన పెట్టుకోబోయి, కింద పెట్టేశాడు.

"పిన్నీ, మీ అక్క ఫోన్ చేసింది."

"ఎప్పుడు?"

"చాలాసార్లు చేసి ఉంటుంది. మీకు మోగలేదు. టవరు మీద యాంటెనా మీ వీధి వైపు చూడాలి. నేను మా ఇంటి వైపు తిప్పుకున్నాను. మా అత్తయ్య స్టూలు మీద నుంచి పడిందని... అదంతా అనవసరం. తిప్పింది నేను. మీకు ఫోన్ బాగుందని చెప్పింది కూడా నేనే."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. కుర్చీలమ్మ అరవలేదు. తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంది. లేచి ఫోన్ తీసి, ఒక బొత్తాం నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎత్తారు. ఈవిడ చాలాసేపు వింది. మొహంలో రంగు మారుతూ వచ్చింది. చివరికి, "నాకు చెప్పడం రాదు. ఇడుగో, చేసినవాడు ఇక్కడే ఉన్నాడు," అని ఫోన్ నిచ్చెన చేతిలో పెట్టింది. ఆ పాత ఫోన్లో గొంతు పక్కవాళ్ళకూ వినపడుతుంది.

"ఎవరు బాబూ నువ్వు?"

"టవరు ఎక్కేవాణ్ణమ్మా." అక్కడి నుంచి మొత్తం మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పడం తేలిక అంటారు. అతను మొదటిసారి కన్నా ఎక్కువ తడబడ్డాడు.

"నాకు కడుపులో గడ్డ వచ్చి ఆపరేషన్ చేశారు," అంది అక్క నీరసంగా. "రమ్మని చెప్దామని చేశాను. లోపలికి తీసుకెళ్ళేదాకా ఫోన్ చేతిలోనే ఉంది. నర్సు లాక్కుంది. నామీద కోపంతో కావాలనే ఆపి పెట్టుకుందని, దీని మొహం ఇక చూడకూడదని అనుకుంటూ మత్తులోకి వెళ్ళాను బాబూ. యాంటెనా తిప్పేశావు, సరే. అది ఎలా తిప్పుతావు?"

నిచ్చెన ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి ఆ గుమ్మం ఎత్తులోకి దిగిపోయినట్టు కనిపించాడు.

"అక్కడ కుర్చీ ఏదైనా ఉందా, దాని చేత్తో అల్లింది?" అంది అక్క.

"ఉందమ్మా."

"కూర్చో."

నా కొత్త అల్లికలో నాకన్నా ముందు అతనే కూర్చున్నాడు.

"ఎలా ఉంది? వదులా?"

నిచ్చెన కుర్చీలమ్మ వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూడటం లేదు. "బిగుతుగానే ఉందమ్మా," అన్నాడు.

"ఎంతైనా అబద్ధాలకోరువి," అంది అక్క.

కుర్చీలమ్మ ఫోన్ లాక్కుని, "విన్నాను లేవే, రేపు పొద్దున బండికి వస్తున్నా," అని ఏడవడం మొదలుపెట్టింది. మేము కుర్చీ తీసుకుని బయటికి వచ్చేశాం. ఆవిడ నిచ్చెనను క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. అక్క దగ్గర నుంచి తిరిగొచ్చాక, సెలవు రోజున అతను వెళ్ళి గుమ్మంలో నిలబడితే, ఎందుకు వచ్చావని అడగకుండా నానిన పేము కొస ఒకటి చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో," అందట. అప్పటి నుంచి ప్రతి సెలవు రోజూ వెళ్ళి పట్టుకుంటున్నాడు. వేళ్ళ సందుల్లో సన్నటి కోతలు. అత్తగారికి స్టూలు పోయి, ఆనుకోవడానికి వీపు ఉన్న ఎత్తు కుర్చీ ఒకటి వచ్చింది, పేము అల్లికతో. అల్లిక ఒక పక్క బాగా వదులు. కొత్త చెయ్యి అని చూడగానే తెలిసిపోతుంది.

ఇది రాశాక నిచ్చెనకు చదివి వినిపించాను. వాళ్ళింట్లో సిగ్నల్ లేదు కాబట్టి ఫోన్ మాట్లాడుకోవడానికి నా డాబా మీదకే వస్తాడు. కడదాకా విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోతలున్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు తాతగారూ. నేను ఏ యాంటెనా తిప్పలేదు. పల్లం వీధి ఎటు ఉందో కూడా నాకు తెలియదు."